బేగ్, బెయ్, బేగం: ఒక పాత బిరుదు మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో బేగంపేట పేరు పలకని రోజు ఉండదు. బేగ్ అనే స్నేహితుడో, బేగం అనే పక్కింటావిడో లేని తెలుగువాళ్లు కూడా తక్కువే. ఇంత దగ్గరి మాట ఎంత దూరం నుంచి నడిచి వచ్చిందో తెలుసుకోవాలని కొన్నేళ్లుగా దాని వెంట పడి చదువుతున్నాను. తెలిసినవాళ్లు అడిగిన ప్రశ్నలూ, చదువుతుంటే నాకే పుట్టిన ప్రశ్నలూ ఇక్కడ ఒకచోట పెట్టాను.

బేగ్ అంటే అసలు అర్థం ఏమిటి?

తెగ పెద్ద, నాయకుడు, ప్రభువు. తెలుగులో దీనికి అతికినట్టు సరిపోయే మాట ‘దొర’. మనకు రాజూ దొరే, గడీలో కూర్చున్న భూస్వామీ దొరే, తెల్ల అధికారీ దొరే. ఎదుటి మనిషిని మర్యాదగా పిలవాలన్నా ‘దొరా’ అనే అనేవాళ్లు. బేగ్ కూడా అంతే. ఒక కాలంలో రాజ్యమేలిన బేగ్ ఉన్నాడు, ఇంకో కాలంలో జిల్లా అధికారి బేగ్, మరో కాలంలో బ్యాంకు కౌంటరు ముందు నిలబడ్డ ప్రతి మగమనిషీ బేగే. అందుకే ఈ మాట కనిపించగానే ఏ దేశం, ఏ శతాబ్దం అని చూడాలి. ఆ రెండూ తెలియకుండా అర్థం చెప్పలేం.

ఈ మాట మొదట ఎక్కడ కనిపిస్తుంది?

ఈనాటి మంగోలియాలో ఓర్ఖాన్ నది లోయలో తుర్కు జాతి కగాన్లు, అంటే చక్రవర్తులు, నిలబెట్టిన శిలాశాసనాలున్నాయి. కుల్ తెగిన్ అనే రాకుమారుడి స్మారకం 732 నాటిది, అతని అన్న బిల్గె కగాన్‌ది 735 నాటిది. తుర్కీ భాషల్లో, అంటే ఈనాటి టర్కీ భాషా దాని చుట్టపు భాషల్లో, మనకు దొరికిన తొలి పెద్ద రచనలు ఇవే. వాటి లిపిని డెన్మార్క్ పండితుడు విల్హెల్మ్ థామ్‌సెన్ 1893లో చదవగలిగాడు.

ఆ శాసనాల్లో కగాన్ తన మనుషులను పిలిచే తీరు ‘బెగ్లెర్, బొదున్’ అని. అంటే బేగులారా, ప్రజలారా. పైన కగాన్, మధ్యలో బేగులు, కింద ప్రజలు. ఆ సమాజం మెట్లు మూడూ ఆ ఒక్క పిలుపులో దొరికిపోతాయి. పన్నెండు వందల ఏళ్ల నాటి ఆ రాతి మీది మాట మన బస్సు బోర్డుల మీద ఇంకా ఉంది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇది తుర్కీ మాటేనా, పారశీక మాటా?

పండితులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాని ప్రశ్న ఇది. మూడు దారులున్నాయి.

ఇది పుట్టుకతోనే తుర్కీ మాట అనేది ఒక దారి. పెద్దవాడు, ప్రభువు అనే అర్థమిచ్చే చైనా మాట నుంచి వచ్చిందనేది రెండోది. మూడోది ఇరాన్ దారి. తెలుగు పాఠకుడికి అది ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది.

పాత పారశీకంలో ‘బగ’ అంటే దేవుడు. డారియస్ చక్రవర్తి శాసనాల్లో ‘బగ వజ్రక అహురమజ్దా’ అని ఉంటుంది. అహురమజ్దా మహాదేవుడు అని దాని అర్థం. బాగ్దాద్ పేరుకు దేవుడిచ్చినది అని చెప్పే అర్థం కూడా ఈ మాటతోనే. దీనికి మన వైపు చుట్టం వేదంలోని ‘భగ’. సంపదను పంచిపెట్టే ఆదిత్యుడు భగుడు, ఆ భగం కలవాడు భగవంతుడు. భాగం, భాగ్యం కూడా ఆ ఇంటి పిల్లలే. మధ్య ఆసియా వర్తకులైన సొగ్దులు ఇరానీ భాష మాట్లాడేవాళ్లు. తొలి తుర్కు పాలకులు శాసనం చెక్కించడానికి సొగ్ద్ భాషనే వాడుకున్నారు. అలాంటి సావాసంలో దేవుడు, ప్రభువు అనే మాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వెళ్లడం వింతేమీ కాదు.

ఈ దారే నిజమైతే బేగంపేటలోని బేగానికీ, మన భగవంతుడికీ దూరపు చుట్టరికం ఉన్నట్టే. నా మనసు అటే మొగ్గుతుంది. కానీ మనసు మొగ్గడం రుజువు కాదు కాబట్టి, దీన్ని తేలిపోయిన విషయంగా ఎవరికీ చెప్పకండి.

బేగ్, బెక్, బెయ్, బే, బై అన్నీ ఒకటేనా?

మొదటి నాలుగూ ఒకటే. పాత ‘బెగ్’ చివరి గకారం టర్కీ భాషలో మెత్తబడి యకారమైంది, అదే బెయ్. మధ్య ఆసియాలో గట్టిపడి బెక్ అయింది. పారశీకం, ఉర్దూ, బోస్నియా భాష పాత గకారాన్ని నిలుపుకున్నాయి. ‘బై’ మాత్రం వేరే మాట. దాని పాత అర్థం ధనవంతుడు. శబ్దం దగ్గరగా ఉండటంతో పుస్తకాల్లో కూడా రెండూ కలిసిపోతుంటాయి.

మన ఉత్తరాంధ్రలో ‘బేగి రా’ అనే మాటకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అది వేగం నుంచి వచ్చింది. ఈ ప్రశ్న నన్ను ఇద్దరు ముగ్గురు నిజంగానే అడిగారు.

ఖాన్, సుల్తాన్, పాషా, మీర్జాల వరసలో బేగ్ ఏ మెట్టు మీద ఉంటాడు?

ఒకే జాబితా రాసి గోడకు అంటించుకునే వీలు లేదు. చెంగిజ్ ఖాన్ వారసులు ఏలిన చోట ఖాన్ అనే పేరు ఆ రక్తం ఉన్నవాళ్లకే చెందింది. తైమూర్ అంతటివాడు కూడా ఖాన్ అనిపించుకోలేదు, అమీర్‌గానే ఉండిపోయాడు. బేగ్‌కు అరబ్బీలో సాటి మాట అమీరే. సఫవీ రాజులు ఏలిన ఇరాన్‌లో ఖాన్ పై మెట్టు, సుల్తాన్ మధ్య మెట్టు, బేగ్ కింది మెట్టు. సుల్తాన్ అంటే చక్రవర్తి అనుకునే మనకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. టర్కీ కేంద్రంగా ఏలిన ఒట్టోమన్ల దగ్గర పాషా పైన, బెయ్ కింద. మన మొఘలుల దగ్గరికొచ్చేసరికి ఖాన్ అనేది పాదుషా తన ఉద్యోగులకిచ్చే గౌరవంగా దిగివచ్చింది.

మీర్జా సంగతి ఇంకో రకం. అమీర్‌జాదా, అంటే అమీరు బిడ్డ, అరిగిపోయి మీర్జా అయింది. ఇరాన్‌లో పేరు తర్వాత వస్తే రాకుమారుడు, అబ్బాస్ మీర్జా లాగా. పేరు ముందు వస్తే చదువుకున్న పెద్దమనిషి.

ఈ మూడూ ఒకే మనిషి పేరులో చూడాలంటే కవి గాలిబ్‌ను చూడండి. ఆయన పూర్తి పేరు మీర్జా అసదుల్లా బేగ్ ఖాన్. ముందు మీర్జా, వెనక బేగ్, ఆ వెనక ఖాన్. ఆయన తాత సమర్‌ఖండ్ వైపు నుంచి హిందుస్థాన్‌కు వచ్చిన సిపాయి. ఆ వంశం నడిచిన దారి మొత్తం ఆ పేరులోనే రాసి ఉంది.

ఒట్టోమన్ సామ్రాజ్యంలో బెయ్ ఏం చేసేవాడు?

సామ్రాజ్యం పుట్టిందే ఒక బెయ్‌తో. సెల్జుక్ తుర్కు రాజుల ఏలుబడి చిట్లిపోయాక అనటోలియా (ఈనాటి టర్కీలోని ఆసియా భాగం) నిండా చిన్న చిన్న సంస్థానాలు లేచాయి. ఒక్కోదానికి ఒక్కో బెయ్, ఆ సంస్థానం పేరు బెయ్‌లిక్. వాటిలో ఒకదాని యజమాని ఉస్మాన్ బెయ్. తర్వాత ఆరు వందల ఏళ్లు నడిచిన రాజ్యానికి ఆయన పేరే పెట్టారు.

రాజ్యం పెరిగి పాలకుడు సుల్తాన్ అయ్యాక బెయ్ ఒక మెట్టు దిగి ఉద్యోగి అయ్యాడు. సంజక్ అంటే జెండా, జిల్లా అని కూడా అర్థం. ఆ జిల్లా అధికారి సంజక్ బెయ్. అలాంటి బెయ్‌లందరి మీదా ఉండేవాడు బెయ్‌లెర్‌బెయ్, అంటే బెయ్‌ల బెయ్. మన రాజాధిరాజు లాంటి కూర్పు. ఇస్తాంబుల్‌లో ఆసియా ఒడ్డున 1865లో కట్టడం పూర్తయిన బెయ్‌లెర్‌బెయీ రాజభవనం పేరులో ఆ మాట ఇప్పటికీ ఉంది.

19వ శతాబ్దానికి ఇంకా దిగింది. కల్నల్ స్థాయి సైనికాధికారి బెయ్, పాషాల కొడుకులు బెయ్‌లు. తర్వాత టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన ముస్తఫా కెమాల్ 1916లో జనరల్ హోదా వచ్చేదాకా కెమాల్ బెయ్, ఆ రోజు నుంచి కెమాల్ పాషా. పాత ఉత్తరాలు చదివేవాళ్లు ఈ తేడా పట్టుకుంటే ఉత్తరం 1916కు ముందుదో తర్వాతదో అంచనా వేయొచ్చు.

ట్యూనిస్ ‘బే’ రాజా, అధికారా?

పేరుకు ఒట్టోమన్ అధికారి, నిజానికి రాజు. 1705లో మొదలైన హుసైనీ వంశపు బేలు ట్యూనీషియాను ఏలారు. 1881 నుంచి ఫ్రెంచివాళ్ల పెత్తనం కింద పేరుకు మాత్రం మిగిలారు. 1957 జులై 25న దేశం గణతంత్రమై ఆ పీఠం పోయింది. పక్కనున్న అల్జీర్స్‌లో పై పాలకుడి పేరు ‘దే’. బేలు అతని కింద జిల్లాలు చూసేవాళ్లు. అక్కడి కాన్‌స్టంటైన్ అనే ఊరి బే అహ్మద్ 1837లో ఆ ఊరు పోయాక కూడా ఫ్రెంచివాళ్లకు లొంగకుండా 1848 దాకా నిలబడ్డాడు.

ఉలుగ్ బేగ్ అనేది పేరా, బిరుదా?

బిరుదే, పేరుగా స్థిరపడిపోయింది. తైమూర్ మనవడైన ఈయన అసలు పేరు ముహమ్మద్ తరగాయ్. ఉలుగ్ బేగ్ అంటే ‘పెద్ద దొర’. పుట్టింది 1394లో. సమర్‌ఖండ్‌లో నక్షత్రశాల కట్టించి, తనే ముందుండి వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలు కొలిపించి 1437లో పట్టిక తయారుచేశాడు. 1449లో సొంత కొడుకు కుట్రలో చనిపోయాడు. జంతర్ మంతర్లు కట్టించిన జైపూర్ రాజు సవాయి జైసింగ్ తన లెక్కలకు ఆధారం చేసుకున్నవాటిలో ఈ పట్టిక ఒకటి.

బేగ్ అనే బిరుదున్నవాళ్లు వేలమంది కత్తి పట్టారు. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చేది మాత్రం రాత్రిళ్లు ఆకాశం కొలిచిన ఈయనే.

తుర్కుల మీద పోరాడిన అల్బేనియా వీరుడికి తుర్కీ బిరుదేమిటి?

గ్యెర్గ్ కాస్ట్రియోతి చిన్నతనంలో ఒట్టోమన్ దర్బారుకు బందీగా వెళ్లి, అక్కడే పెరిగి సైనికాధికారి అయ్యాడు. అలెగ్జాండర్ పేరు మీద ఆయనను ఇస్కందర్ బెయ్ అన్నారు. 1443లో ఒట్టోమన్ సైన్యం వదిలి తన ఊరు క్రుయాకు వచ్చేసి, 1468లో చనిపోయేదాకా ఆ సైన్యాలతోనే యుద్ధం చేశాడు. జనం మాత్రం స్కందర్‌బెగ్ అనే పిలిచారు. అల్బేనియా రాజధాని టిరానా నడిబొడ్డున ఉన్న చౌకు పేరూ అదే. శత్రువు ఇచ్చిన బిరుదు అయినా ఆయన సంపాదించుకున్నాక అది ఆయనదే.

బేగం అనే మాట ఎలా పుట్టింది? బేగ్ భార్య కాబట్టి బేగమా?

భార్య అనే అర్థం తర్వాత వచ్చింది. తుర్కీలో మాట చివర ‘ఇమ్’ చేరిస్తే ‘నా’ అని అర్థం. బేగ్‌కు అది చేరితే బేగిమ్, అంటే ‘నా దొర’. గొప్పింటి ఆడవాళ్లను అలా ‘నా దొరా’ అని పిలిచేవాళ్లనీ, అదే బేగం అయిందనీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఖాన్ నుంచి ఖానుమ్ పుట్టిందీ ఇలాగే. మన దొరసానిలోని ‘సాని’ స్వామిని నుంచి వచ్చింది కాబట్టి అక్కడ ఆడమాట విడిగా ఉంది. తుర్కీలో మగ, ఆడ తేడా చూపే వ్యాకరణమే లేదు. అందుకని ‘నా’ అనే చనువు ఆ పని చేసిపెట్టింది. ఎంత అందమైన పరిష్కారమో చూడండి.

ఈ మాట మధ్య ఆసియా తుర్కీ నుంచి బాబర్ ఇంటివాళ్లతో హిందుస్థాన్‌కు వచ్చింది. బాబర్ కూతురు గుల్‌బదన్ బేగం తన అన్న హుమాయూన్ కాలపు చరిత్రను పారశీకంలో రాసింది. షాజహాన్ కూతురు జహానారా, 1631లో తల్లి ముంతాజ్ పోయాక, పాదుషా బేగం అనే హోదాలో అంతఃపురానికంతా పెద్ద అయింది. అంటే బేగం అనేది మర్యాద మాట మాత్రమే కాదు, జీతభత్యాలూ ముద్రా ఉన్న పదవి. భోపాల్‌లో 1819 నుంచి 1926 వరకు నలుగురు బేగంలు రాజ్యం చూశారు. వాళ్లలో చివరివారు సుల్తాన్ జహాన్ బేగం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్. 1857లో లక్నోలో కంపెనీ సైన్యాన్ని ఎదిరించింది బేగం హజ్రత్ మహల్. మన రాజ్యాంగ సభలో ఉన్న ఒకే ఒక్క ముస్లిం మహిళ బేగం ఐజాజ్ రసూల్.

బేగం పేరు ముందు వస్తే ‘శ్రీమతి’ లాంటిది, పెద్దింటి మనిషి అని. పేరు వెనక వస్తే పేరులో భాగం. మాటల్లో ‘మేరీ బేగం’ అంటే ‘మా ఆవిడ’. ఉత్తరాదివాళ్లు పేకాటలో రాణిని కూడా బేగం అంటారు.

టర్కీలో బేగం అంటారా?

అనరు. అక్కడ ఆడవాళ్లకు హనిమ్, అంటే మన ఖానుమే. బేగం మన వైపు వికసించిన మాట. ఒక పోలిక మాత్రం చెప్పాలి. టర్కీ ఇల్లాలు ‘బిజిమ్ బెయ్’ అంటే ‘మా ఆయన’ అని. అక్కడ బెయ్ మొగుడయ్యాడు, ఇక్కడ బేగం పెళ్లామయింది. ఊళ్లేలిన బిరుదు రెండు చోట్లా ఇంట్లోకే వచ్చి చేరింది.

హైదరాబాదులో ఈ మాట ఏ ఏ చోట్ల ఉంది?

రెండో అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ కూతురు బషీరున్నీసా బేగం. ‘పైగా’ అనే ప్రభువుల వంశానికి చెందిన ఫక్రుద్దీన్ ఖాన్‌తో పెళ్లయినప్పుడు ఆమెకు కట్నంగా ఇచ్చిన భూమే బేగంపేట అని చెబుతారు. 2008లో శంషాబాద్ వచ్చేదాకా గల్ఫుకు వెళ్లే ప్రతి తెలుగు కుటుంబమూ కళ్లు తుడుచుకున్నది ఆ బేగం పేరున్న విమానాశ్రయంలోనే.

బేగంబజార్ కథ ఇంకో తరం ముందుది. అదే నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో ఆ బజారు వెలిసిందని అంటారు. ఇత్తడి సామాను కొన్నా, ఎండు ద్రాక్ష కొన్నా ఆమె జాగాలోనే కొంటున్నాం.

పేరులో బేగం వినపడకపోయినా ఆమె ఉన్న చోటు హయత్‌నగర్. అది గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం పేరు మీద వచ్చింది. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, తర్వాతి సుల్తాను భార్య, ఆ తర్వాతి సుల్తాను తల్లి ఆమె. జనం ‘మా సాహెబా’ అని పిలుచుకున్నారు. కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ తుర్క్‌మెన్ల కారా కోయున్లు వంశం నుంచి వచ్చినవాడు. కాబట్టి గోల్కొండకు ఈ మాట ఢిల్లీ మీదుగా రావలసిన అవసరం లేకపోయింది.

ఇంటిపేరు బేగ్ ఉంటే తుర్కు వంశమేనని అనుకోవచ్చా?

ఒక్క పేరును చూసి ఆ మాట అనలేం. మన దేశంలో మీర్జా, బేగ్ అనే పేర్లు మధ్య ఆసియా నుంచి వచ్చిన మొఘల్ కుటుంబాల గుర్తుగా వాడుకలో ఉన్నాయి. చాలా ఇళ్లలో అది నిజం కూడా. కానీ బిరుదు ఇచ్చేవాళ్లున్నప్పుడు పుచ్చుకునేవాళ్లూ ఉంటారు, పేరులో కలుపుకునేవాళ్లూ ఉంటారు. మన దగ్గర రావు, రెడ్డి, నాయుడు అనే మాటలు ఎన్ని దారుల్లో పేర్లలోకి వచ్చాయో గుర్తు చేసుకుంటే ఇది అర్థమవుతుంది. బేగ్ అనే మనిషి ఎదురైతే ఆయన వంశం గురించి ఆయనే చెప్పనివ్వండి.

ఇజెత్‌బెగోవిచ్, జీన్‌బెకోవ్ లాంటి పేర్లలో ఉన్నదీ ఇదేనా?

ఇదే. బోస్నియా తొలి అధ్యక్షుడు అలియా ఇజెత్‌బెగోవిచ్ ఇంటిపేరుకు ‘ఇజెత్ బేగ్ సంతతి’ అని అర్థం. మాట తుర్కీది, తోక స్లావు భాషది. కిర్గిజ్ అధ్యక్షులుగా చేసినవాళ్లలో కుర్మాన్‌బెక్ బకియెవ్, అల్మాజ్‌బెక్ అతంబయెవ్, సూరొన్‌బయ్ జీన్‌బెకోవ్ ముగ్గురి పేర్లలోనూ బెక్ ఉంది. అజర్‌బైజాన్ స్వరకర్త ఉజెయిర్ హాజీబెయొవ్ పేరులోనిది బెయ్.

ఈ బిరుదు ఇప్పుడు చట్టబద్ధంగా ఉందా?

టర్కీలో లేదు. 1934 జూన్‌లో ప్రతి పౌరుడికీ ఇంటిపేరు తప్పనిసరి చేశారు. అదే ఏడాది నవంబర్ 26న ఆగా, ఎఫెందీ, బెయ్, పాషా, హనిమ్ వంటి బిరుదులను రద్దు చేశారు. వాటి బదులు పేరు ముందు మగవాళ్లకు బై, ఆడవాళ్లకు బయాన్ పెట్టమన్నారు. కాగితాల మీద పెట్టారు, నోళ్లు మాత్రం మారలేదు. ఈజిప్టు కూడా 1952 విప్లవం తర్వాత పాషా, బే బిరుదులను తీసేసింది. కైరో వీధుల్లో ‘యా బేహ్’, ‘యా బాషా’ అనే పిలుపులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి.

పని మీద ఇస్తాంబుల్ వెళ్తున్నాను. అక్కడివాళ్లను ఎలా పిలవాలి?

మన ‘గారు’ ఎక్కడ పెడతామో బెయ్ అక్కడ పెట్టండి, చాలావరకు సరిపోతుంది. ఇచ్చిన పేరు తర్వాత వస్తుంది: అహ్మెత్ బెయ్, అయ్షె హనిమ్. ఇంటిపేరు తర్వాత పెట్టకూడదు. ఇంగ్లిష్ అలవాటుతో మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు అదే. ఇంటిపేరుతో పిలవాలంటే, ఉత్తరాల్లో రాయాలంటే, ముందు ‘సాయిన్’ అని పెట్టాలి. వృత్తి తర్వాత కూడా బెయ్ వస్తుంది: దోక్తోర్ బెయ్ అంటే డాక్టరు గారు, ముదుర్ బెయ్ అంటే మేనేజరు గారు, దామాత్ బెయ్ అంటే అల్లుడు గారు. మన పేరు మనం చెప్పుకునేటప్పుడు గారు అనుకోం కదా, బెయ్ కూడా అంతే.

చనువు పెరిగాక బెయ్ పోయి ‘ఆబి’ వస్తుంది. అది ఆగాబెయ్ అరిగిన రూపం, అర్థం అన్న. టీకొట్టు అబ్బాయి మిమ్మల్ని ఆబి అన్నాడంటే మన ఊళ్లో ‘అన్నా’ అన్నట్టే.

తెలుగులో ఎలా రాయాలి: బేగ్, బేగు, బే, బెయ్?

మన దేశపు పేర్లకు బేగ్, బేగం. టర్కీ పేర్లకు బెయ్. అక్కడి ఉచ్చారణ అదే, ఎకారం పొట్టిది. ట్యూనిస్, అల్జీరియా పాలకులకు ‘బే’ అనే రూపం పత్రికల్లో స్థిరపడింది, దాన్ని కదపక్కర్లేదు. ఒకే వ్యాసంలో ఒకే మనిషికి రెండు రూపాలు రాయకుండా చూసుకుంటే చాలు.

పాస్‌పోర్టులో అమ్మ పేరులోని బేగం ఇంటిపేరు గడిలో రాయాలా?

మా చుట్టుపక్కల ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న ఇది. బేగం వంశాన్ని చెప్పే ఇంటిపేరు కాదు, గౌరవ పదం. తల్లి బేగం, కూతురు బేగం, బయటి నుంచి వచ్చిన కోడలూ బేగమే. విదేశీ ఫారాలు రెండు గడులు అడుగుతాయి కాబట్టి చాలామంది బేగాన్ని ఇంటిపేరు గడిలో నింపేస్తారు. అప్పుడు అక్కడి గుమస్తా భర్త షేక్, భార్య బేగం, పిల్లలు ఇంకొకటి అని చూసి ప్రశ్నలు వేస్తాడు. తెలిసిన ఒక కుటుంబంలో పెద్దావిడ ఇదే కారణంతో మనవరాలి కాన్పుకు సమయానికి వెళ్లలేకపోయింది. ఆమె బాధ నేను చూశాను.

ఆధార్, పాన్, పదో తరగతి సర్టిఫికెట్, పెళ్లి కాగితం అన్నిటిలో పేరు ఒకే వరసలో, ఒకే అక్షరాలతో ఉందా అని ముందు చూసుకోండి. తేడా ఉంటే టికెట్టు కొనకముందే సరిచేయించుకోండి. బేగం పేరులో భాగంగా ఇప్పటికే నమోదై ఉంటే తీసేయాల్సిన పనిలేదు. ఏ గడిలో రాశారో, అన్ని చోట్లా అదే గడిలో రాయండి. ‘ఇది మీ ఇంటిపేరా?’ అని అక్కడ ఎవరైనా అడిగితే, ‘కాదు, మా వైపు ఆడవాళ్ల పేరు చివర చేర్చే గౌరవ పదం’ అని చెప్పమనండి.